ఊరెళ్ళి వచ్చేసరికి కరెంటు పోయి మళ్ళీ వచ్చింది, ఫ్రీజర్‌లో అన్నీ గట్టిగానే ఉన్నాయి. తినొచ్చా?

గుంటూరు_కోడలు
అందరికీ నమస్తే, కొంచెం తొందరగా సలహా కావాలి. శనివారం మధ్యాహ్నం అమ్మవాళ్ళ ఊరెళ్ళి ఇవాళ సాయంత్రం తిరిగొచ్చాం. నిన్న రాత్రి తొమ్మిదింటికి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని, ఇవాళ పదకొండు దాటాక గానీ కరెంటు రాలేదని పక్కింటి ఆంటీ చెప్పారు. అంటే 14 గంటలు. మా ఇన్వర్టర్ ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే, ఫ్రిజ్ దానికి కలపలేదు. ఇప్పుడు ఫ్రీజర్ తెరిస్తే అన్నీ రాయిలా ఉన్నాయి. పరోటాలు రెండు ప్యాకెట్లు, సగం వాడిన చికెన్ నగ్గెట్స్, కిలో బఠాణీ, నేను తురిమి పెట్టుకున్న కొబ్బరి, బాపట్ల నుంచి తెచ్చి వలిచి పెట్టిన రొయ్యలు. వాసన ఏమీ లేదు. మధ్యలో కరిగాయో లేదో ఎలా తెలుస్తుంది? ఎల్లుండి మా చెల్లి వస్తోంది, తనకి ఆరో నెల. అందుకే ఈ టెన్షన్. డబుల్ డోర్ ఫ్రిజ్, ఫ్రీజర్ సగానికి పైగా ఖాళీ.

వేసవి_మామిడి
అక్కా, గట్టిగా ఉన్నాయి, వాసన లేదు అంటున్నారు కదా, ఇంక భయం దేనికి? మా ఇంట్లో ఎండాకాలం రోజూ రెండు మూడు గంటలు కరెంటు పోతుంది, అవే తింటాం. నూనెలో బాగా వేయిస్తే ఏ క్రిమీ బతకదు.

సూక్ష్మజీవి_టీచర్
వేసవి_మామిడి గారూ, రెండు గంటలు వేరు, 14 గంటలు వేరు. డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఫ్రీజర్ క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. మైనస్ 18 దగ్గర అవి పెరగలేవు, చలి తగ్గగానే లేస్తాయి. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య వాటికి పండగే, కొన్ని రకాలు అనుకూలమైన వేడిలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. మళ్ళీ కరెంటు వచ్చి గడ్డకట్టినా పెరిగినవి పెరిగినట్టే ఉంటాయి. కాబట్టి ఇప్పుడు గట్టిగా ఉండటం వల్ల మనకి తెలిసేది ఏమీ లేదు.

ఇక వాసన సంగతి. కూర పులిసినా, మాంసం కుళ్ళినా వచ్చే వాసన, జిగురు, రంగు మారడం ఇవన్నీ తిండిని పాడుచేసే ఒక రకం క్రిముల పని. మనిషిని ఆసుపత్రిలో పడేసే సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటివి చాలాసార్లు వాసన గానీ రుచి గానీ మార్చవు. కంపు కొడితే పారేయాలి, అందులో అనుమానం లేదు. కంపు లేనంత మాత్రాన మంచిదని మాత్రం అనుకోకూడదు.

వేయిస్తే పోతుందన్న మాట సగమే నిజం. వేడికి క్రిమి చస్తుంది, కానీ స్టెఫిలోకాకస్ లాంటివి ముందే వదిలిన విషం వేడికి పోదు.

గుంటూరు_కోడలు గారూ, అసలు కరిగాయా లేదా అన్నది ఇప్పటికీ కనిపెట్టొచ్చు. బఠాణీ ప్యాకెట్ చేత్తో నొక్కి చూడండి. గింజలు గలగలమంటూ విడివిడిగా ఉన్నాయా, లేక ఒకే ముద్దగా ఉందా? ఫ్రీజర్‌లో ఐస్ ముక్కలు ఏమైనా ఉంటే వాటి ఆకారం చూడండి. కవర్ల అడుగున మంచు పలకలా పేరుకుందేమో చూడండి. చూసి చెప్పండి.

గుంటూరు_కోడలు
మేడం, ఇప్పుడే చూశాను. ఐస్ ట్రే నుంచి ముక్కలు తీసి ఒక స్టీలు గిన్నెలో వేసి ఉంచాను, ఎండలో బయటి నుంచి వచ్చినవాళ్ళకి మజ్జిగలోకి పనికొస్తాయని. ఇప్పుడు గిన్నెలో ముక్కలు లేవు, అడుగున ఒకే పలక, పైన నున్నగా అద్దంలా ఉంది. బఠాణీ ఇటుకలా ఒకటే ముద్ద. రొయ్యల కవర్ అడుగున లేత గులాబీ రంగులో మంచు పలక. నగ్గెట్స్ ఒకదానికొకటి అంటుకుపోయాయి, పైన పొడి మెత్తబడి ఊడొచ్చింది. పరోటాలు మధ్యలో ప్లాస్టిక్ కాగితంతో సహా అతుక్కుపోయాయి.

కోల్డ్‌రూమ్_అన్న
అమ్మా, ఆ ఐస్ గిన్నె ఒక్కటి చాలు. ముక్కలన్నీ పూర్తిగా నీళ్ళై మళ్ళీ గడ్డకట్టాయన్నమాట. నేను భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో ఆరేళ్ళు చేశాను, ఇప్పుడు ఒక సూపర్ మార్కెట్‌లో ఫ్రోజెన్ సెక్షన్ చూస్తున్నా. రొయ్యల విషయంలో ఒక మాట చెప్పాలి, చాలామంది ఇక్కడ పొరబడతారు. దుకాణంలో కొనే ఫ్రోజెన్ రొయ్య చుట్టూ పల్చటి మంచు పొర ఉంటుంది, దాన్ని గ్లేజింగ్ అంటాం. కావాలని నీళ్ళలో ముంచి కట్టించేదే, గాలి తగిలి ఎండిపోకుండా. ప్రతి రొయ్య చుట్టూ సమానంగా, పారదర్శకంగా ఉంటే అది మంచిదే. అలాగే తల దగ్గర, తోక దగ్గర నల్ల మచ్చలుంటే కుళ్ళినట్టు కాదు, యాపిల్ కోస్తే నల్లబడినట్టే అదీ, గాలి తగిలితే వస్తుంది. కానీ అడుగున గులాబీ రంగు పలక ఉందంటే, రొయ్య కరిగి దాని రసం కిందికి కారి గడ్డకట్టిందని. కరిగించినప్పుడు ముక్కుకి ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే, చేత్తో ముట్టుకుంటే జారిపోతూ జిగురు అంటుకుంటే అది పోయినట్టే. మీరు అంతదాకా చూడక్కర్లేదు, పారేయండి.

వేసవి_మామిడి
అన్నా, రొయ్యలు పారేయమనడం తేలికే. ఒకసారి కరిగింది మళ్ళీ ఫ్రీజ్ చేస్తే విషమైపోతుందని మా పిన్ని కూడా అంటుంది, మరీ అంత ఉంటుందా? వాదించడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.

సూక్ష్మజీవి_టీచర్
మంచి ప్రశ్న అడిగారు. విషమైపోతుందన్నది నిజం కాదు. లోపల ఇంకా మంచు పలుకులు తగులుతుంటే, లేదా ఫ్రిజ్‌లో ఉన్నంత చల్లగా, అంటే 4 డిగ్రీల లోపు ఉంటే, మళ్ళీ ఫ్రీజ్ చేసుకోవచ్చు, ప్రమాదం లేదు. రుచి తగ్గుతుంది, మెత్తబడుతుంది, నీరు కారుతుంది, అంతే. ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరిగించినదానికీ ఇదే లెక్క. కరగడం తప్పు కాదు, వెచ్చబడి ఎంతసేపు ఉందన్నదే అసలు విషయం. బయట మామూలు వేడిలో రెండు గంటలు, 32 డిగ్రీలు దాటితే గంట, అంతకు మించి ఉంటే పచ్చి మాంసం, చేపలు, వండిన కూరలు వాడకూడదు. ఇప్పుడు గుంటూరులో 32 డిగ్రీలు రాత్రి పూట కూడా ఉంటోంది.

తలుపు తెరవకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలి నిలుపుకుంటుందని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. కింది ఫ్రిజ్ భాగానికి 4 గంటలే. ఆ లెక్క చూసి 14 గంటలే కదా అనుకోవద్దు. గుంటూరు_కోడలు గారి ఫ్రీజర్ సగం కూడా నిండలేదు, ఇల్లు మూసి ఉంది, లోపల పొయ్యిలా ఉండి ఉంటుంది. ఐస్ గిన్నె చూశాక ఇంక లెక్కలు అక్కర్లేదు.

ఎంతసేపు వెచ్చగా ఉందో మనకి తెలియదు, ఇంటికి వచ్చేది కడుపుతో ఉన్న అమ్మాయి. రొయ్యలు, నగ్గెట్స్, కొబ్బరి, బఠాణీ, పరోటాలు అన్నీ తీసేయండి. కింది ఫ్రిజ్‌లో పాలు, పెరుగు, వండినవి, కోసిన పండ్లు కూడా. వెన్న, ఊరగాయలు, ఎండుమిర్చి, ఆవాల డబ్బా ఉంచుకోండి.

ఉక్కునగరం
టీచర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మాది వైజాగ్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కాలనీకి ఆరో రోజుకి గానీ కరెంటు రాలేదు. మొదటి రోజు రాత్రే అమ్మ ఫ్రీజర్‌లో ఉన్న చేపలన్నీ పులుసు పెట్టి ఇరుగుపొరుగుకి పంచేసింది, అది మంచి పని. మా మేనత్త వాళ్ళింట్లో మాత్రం వంజరం ముక్కలు మూడో రోజుదాకా ఉంచారు. ముట్టుకుంటే ఇంకా చల్లగానే ఉన్నాయట, కంపు కూడా లేదట. వేపుడు చేసి తిన్నారు. అరగంటలో అత్తకీ, బావకీ ముఖం ఎర్రగా కందిపోయింది, ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ. రోడ్ల మీద చెట్లు పడి ఉన్నాయి, ఆటో లేదు, బావని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. చేప అలర్జీ అనుకున్నాం. అది చేపలో తయారైన హిస్టమిన్ అనే పదార్థం వల్ల అని డాక్టర్ చెప్పారు. వంజరం, సూర, కానాగంతల జాతి చేపలు చలి తప్పితే ఇలా అవుతాయట, ఒకసారి అది తయారయ్యాక వేయించినా పోదు, మళ్ళీ ఫ్రీజ్ చేసినా పోదట. ఆ రోజు నుంచి మా ఇంట్లో చేప విషయంలో ఎవరూ బేరాలాడరు.

గుంటూరు_కోడలు
చదువుతుంటేనే భయమేసింది. సరే, అన్నీ తీసేస్తున్నా. ఇంకొక్క మాట అడగాలి, తప్పుగా అనుకోవద్దు. పరోటాలు, బఠాణీ పారేయడం ఎందుకు, పనమ్మాయికి ఇచ్చేయి, వాళ్ళు వండుకుంటారు అంటున్నారు మా అత్తయ్య. నాకు మనసొప్పడం లేదు, కానీ ఆవిడకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

అమ్మమ్మ_వంట
ఇవ్వకు తల్లీ. మనం తినలేమని తేల్చుకున్నది ఆమె చేతిలో ఎలా పెడతావు? ఆమెకీ పిల్లలుంటారు, జబ్బు చేస్తే ఒక రోజు కూలి పోతుంది, మందులకి మనకన్నా ఆమెకే ఎక్కువ కష్టం. మీ అత్తగారికి తిండి పారేయడం బాధ, అది నాకు అర్థమవుతుంది, మా తరం గిన్నె అడుగు కూడా గీకి తిన్నవాళ్ళం. "అత్తయ్యా, ఇది తింటే వాంతులు పట్టుకోవచ్చని తెలిసినవాళ్ళు చెప్పారు, తెలిసి తెలిసి ఇవ్వలేను" అని నెమ్మదిగా చెప్పు, వింటారు. ఏదైనా ఇవ్వాలనిపిస్తే రేపు ఒక కొత్త ప్యాకెట్ కొనివ్వు. పారేసేటప్పుడు కూడా కవర్లు చించి, లోపలిది తడి చెత్తలో కలిపేయి. ప్యాకెట్లు అలాగే పెడితే ఎవరో ఒకరు ఏరుకుని తీసుకెళ్ళిపోతారు.

డాలస్_తెలుగోడు
అమ్మమ్మ గారి మాటకి దండం. మా అనుభవం కూడా చెప్తా. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి మాకు రెండు రోజులు కరెంటు లేదు. ఇక్కడ తెలుగు ఇళ్ళలో ఫ్రీజర్ అంటే ఒక చిన్న దుకాణమే, పరోటాలు, మునక్కాడ ముక్కలు, కొబ్బరి తురుము, గోంగూర, మేక మాంసం అన్నీ ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చి నింపేస్తాం. నిండుగా ఉండటమే మమ్మల్ని కాపాడింది. తలుపుకి టేపు అంటించేశాం, పిల్లలు తెరవకుండా. రెండో రోజు బయట మైనస్ 19 దాకా వెళ్ళింది, అప్పుడు మాంసం అంతా ఐస్ పెట్టెలో సర్ది గ్యారేజ్‌లో పెట్టాం. మంచులోనే నేరుగా పెట్టేద్దాం అన్నాడు మా పక్కింటాయన, కానీ ఎండ పడితే పైపైన కరుగుతుంది, జంతువులు కూడా వస్తాయి. కరెంటు వచ్చాక ప్రతి ప్యాకెట్ తీసి నొక్కి చూశాం, ఐస్‌క్రీమ్ తప్ప అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఐస్‌క్రీమ్ కూలిపోయి మళ్ళీ గట్టిపడితే ఇసుకలా పలుకులు తగులుతాయి, అది తినకూడదు.

ఇంకో సంగతి. కరెంటు పోయినప్పుడే కాదు, కొనేటప్పుడు కూడా బఠాణీ కవర్, మునక్కాడల కవర్ నొక్కి చూడటం అలవాటు చేసుకోండి. ముద్దగా ఉంటే అది మన ఇంటికి రాకముందే ఎక్కడో కరిగింది.

ఒంటరి_వంటగది
అన్నలూ అక్కలూ, నాదీ ఒక సందేహం. హైదరాబాద్‌లో ఒక్కణ్ణే ఉంటాను, సింగిల్ డోర్ పాత ఫ్రిజ్. రాత్రి పదింటికి ఆఫీసు నుంచి వచ్చి వండుకునే ఓపిక ఉండదు, అందుకని పరోటాలు, కబాబులు తెప్పించి పెట్టుకుంటా. నెల తిరగకుండానే పరోటాలకి పుల్లటి వాసన వస్తోంది. ప్యాకెట్ మీద తేదీ ఇంకా ఆరు నెలలుంది. ఫ్రిజ్‌కి త్రీ స్టార్ ఉంది మరి.

కోల్డ్‌రూమ్_అన్న
తమ్ముడూ, తలుపు మీద అంటించి ఉండే ఆ స్టార్లు కరెంటు ఖర్చువి, చలివి కాదు. ఫ్రీజర్ చలికి వేరే గుర్తు ఉంటుంది, మంచు పువ్వులా చిన్న నక్షత్రాలు, కొన్ని ఫ్రిజ్‌లకి ఫ్రీజర్ మూత మీదే అచ్చేసి ఉంటాయి. ఒక నక్షత్రం అంటే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18. ప్యాకెట్ వెనక చదివితే "మైనస్ 18 లేదా అంతకన్నా తక్కువలో ఉంచాలి" అని ఉంటుంది. తేదీ ఆ చలికే వర్తిస్తుంది. ఒక నక్షత్రం పెట్టెలో వారం, రెండున్నదాంట్లో నెల అనుకోవాలి, అంతకు మించి ఉంచకు. పాత సింగిల్ డోర్‌లో పైన మంచు అర అంగుళం పేరుకుంటే చలి ఇంకా తగ్గుతుంది, ఎప్పటికప్పుడు ఆఫ్ చేసి కరిగించు. కత్తితో గీకకు, గ్యాస్ గొట్టానికి చిల్లు పడుతుంది.

ఇంటికి తెచ్చేవాళ్ళ దగ్గర కూడా జాగ్రత్త. సంచి చేతికి రాగానే నొక్కి చూడు, మెత్తగా ఉంటే అక్కడే వాపసు చెయ్యి. దుకాణానికి వెళ్తే ఫ్రోజెన్ చివర్లో తీసుకో. పెద్ద పెట్టె ఫ్రీజర్‌లో లోపల గోడకి ఒక గీత ఉంటుంది, లోడ్ లైన్ అంటాం, దానికి పైన కుప్పగా పోసినవి తీసుకోవద్దు, అంత ఎత్తుకి చలి అందదు. నేను ముందు పనిచేసిన ఒక దుకాణంలో రాత్రి కరెంటు బిల్లు తగ్గుతుందని ఫ్రీజర్లు ఆపేసేవాళ్ళు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు, చివరికి మానేశాను. అందుకే ప్రతి ప్యాకెట్ చేత్తో చూసుకోమని అందరికీ చెప్తుంటాను.

ఒంటరి_వంటగది
ఇప్పుడే వెళ్ళి చూశాను అన్నా, మూత మీద ఒక్కటే నక్షత్రం. ఇన్నాళ్ళూ తెలియదు. కబాబుల మీద తెల్లగా, ఎండిపోయినట్టు మచ్చలున్నాయి, అది బూజా?

సూక్ష్మజీవి_టీచర్
బూజు అయితే నూగులా ఉంటుంది, ఆకుపచ్చగానో నల్లగానో కూడా మారుతుంది. ఎండిపోయి, గట్టిగా, బూడిద రంగు తెలుపులో ఉంటే కవర్‌లో గాలి చేరి పైన తేమ ఎగిరిపోయిందని. దానివల్ల జబ్బు రాదు, కానీ అట్టముక్కలా రుచీ పచీ ఉండదు, కోసి తీసేయొచ్చు. వేయించిన వాటికి పాత నూనె వాసన వస్తే కొవ్వు చెడిందని, ఎంత చలిలో ఉంచినా నెలలు గడిస్తే అది జరుగుతుంది. పుల్లటి వాసన, కవర్ ఉబ్బడం, లోపల నీళ్ళు, వీటిలో ఏది కనిపించినా రుచి చూడకుండా పారేయండి. కొంచెం నాలిక మీద వేసుకుని చూద్దాం అనే అలవాటు మానండి.

ఇంకో మాట, ఇది చాలామంది ఇళ్ళలో జరుగుతుంది. ఫ్రోజెన్ బఠాణీ, స్వీట్‌కార్న్ కరగ్గానే సలాడ్‌లో అలాగే వేసేస్తాం. వాటిని కాసేపు వేడినీళ్ళలో ముంచి తీస్తారంతే, పూర్తిగా ఉడికించరు. యూరప్‌లో 2015 నుంచి 2018 వరకు ఫ్రోజెన్ మొక్కజొన్న వల్ల అయిదు దేశాల్లో లిస్టీరియా పాకి 47 మంది జబ్బుపడ్డారు, తొమ్మిది మంది చనిపోయారు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇది బిడ్డ దాకా వెళ్తుంది. గుంటూరు_కోడలు గారూ, మీ చెల్లికి ఏది పెట్టినా పొగలొచ్చేదాకా వేడి చేసి పెట్టండి. నగ్గెట్స్ బయట ఎర్రగా కనిపించినా లోపల పచ్చిగా ఉండొచ్చు, ఒకటి విరిచి చూడండి. మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో తిప్పి, ఆపాక రెండు నిమిషాలు అలాగే ఉంచండి, ఒక పక్క కాలిపోయి ఒక పక్క చల్లగా ఉంటుంది దాంట్లో.

కరిగించడం ఫ్రిజ్ కింది అరలో, రాత్రంతా. తొందరైతే కవర్ మూసి చల్లటి నీళ్ళలో వేసి అరగంటకోసారి నీళ్ళు మార్చండి. పొద్దున్నే స్టవ్ పక్కన గట్టు మీద పెట్టి ఆఫీసుకెళ్ళి సాయంత్రం వండటం మాత్రం వద్దు. వాక్యూమ్ ప్యాక్ చేసిన చేపకైతే ముందు కవర్ కత్తిరించి అప్పుడు కరిగించండి, గాలి లేని చోట పెరిగే ప్రమాదకరమైన క్రిమి ఒకటి ఉంది.

ఉక్కునగరం
మళ్ళీ కరెంటు పోతే ఎలా తెలుసుకోవాలో ఎవరూ చెప్పలేదు. హుద్‌హుద్ తర్వాత మా ఇంట్లో చేసేది ఇది. చిన్న గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో వదిలేయండి. ఊరెళ్ళి వచ్చాక బిళ్ళ పైనే ఉంటే మంచు పూర్తిగా కరగలేదు. అడుగుకి వెళ్ళిపోతే అంతా కరిగిందని. మధ్యలో ఇరుక్కుంటే సగం కరిగింది, అప్పుడు మాంసం, చేప ఉంచుకోవద్దు. ఖాళీ జాగాలో నీళ్ళ సీసాలు పెట్టి నింపండి, పైన కొంచెం ఖాళీ వదిలి. చలి ఎక్కువసేపు నిలుస్తుంది.

వేసవి_మామిడి
ఇవాళ మా ఫ్రీజర్ అంతా తీసి చూశాను. బఠాణీ ముద్దగానే ఉంది. అక్కకి వాసన లేకపోతే తినేయమని చెప్పినందుకు క్షమించండి, తెలియక అన్నాను. బిళ్ళ గ్లాసు పెట్టేశాను.

గుంటూరు_కోడలు
వారం తర్వాత రాస్తున్నా. ఆ రాత్రే అన్నీ తీసేసి, ఫ్రిజ్ వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచి ఆరబెట్టాం. అత్తయ్యకి అమ్మమ్మ గారు చెప్పినట్టే చెప్పాను, కాసేపు మాట్లాడలేదు గానీ మర్నాడు ఆవిడే పనమ్మాయికి పావుకిలో తాజా రొయ్యలు కొనిచ్చారు. చెల్లికి గోంగూర రొయ్యలు చేసి పెట్టాను, అప్పుడే తెచ్చినవి. ఖాళీలో నాలుగు నీళ్ళ సీసాలు పెట్టాను. నిన్న మధ్యాహ్నం మళ్ళీ మూడు గంటలు కరెంటు పోయింది, తలుపు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రాత్రి తెరిచి చూస్తే బిళ్ళ పైనే ఉంది, బఠాణీ గలగలమంటోంది.

అమ్మమ్మ_వంట
సంతోషం తల్లీ. చెల్లిని జాగ్రత్తగా చూసుకో. గోంగూర రొయ్యల్లో మెంతిపొడి వేశావా?